మూడు లైన్ల దిద్దుబాటుకూ మార్కులు వెయ్యండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ శాఖలు చూస్తున్న హెచ్‌ఓడీలకు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గైడ్లకు,

నమస్కారం. నేను చిత్తూరులో కట్టమంచి దగ్గర చిన్న కంప్యూటర్ షాపు నడుపుతాను. ప్రింటింగ్ ప్రెస్సులు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ఆఫీసులు, ఆడిటర్ల గదులు, ఇలాంటి చోట్ల నాలుగైదు కంప్యూటర్లను కలిపి ఒక సర్వర్ పెట్టడం, అది పడిపోతే లేపడం నా పని. చదువు డిప్లొమా వరకే. మీకు పాఠం చెప్పే అర్హత నాకు లేదని తెలుసు. కానీ మీ దగ్గర చదివిన పిల్లలు మా షాపుకు పనికోసం వస్తుంటారు కాబట్టి, మీరు చూడని ఒక సంగతి నాకు కనిపిస్తుంటుంది. అది చెప్పాలనే ఈ లేఖ.

మొన్నటి పెళ్లిళ్ల సీజనులో జరిగింది. నేను చూసే ప్రెస్సు ఒకటి పెళ్లి పత్రికలు వేస్తుంది. డిజైన్ చేసే అబ్బాయి తిరుపతిలో ఉంటాడు, అతనిది పాత మ్యాక్. రాత్రిపూట అతని ఫైళ్లు ఆర్‌సింక్ అనే ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్ ద్వారా చిత్తూరులోని మా లినక్స్ సర్వర్‌కు వస్తాయి. ప్రెస్సులోని విండోస్ కంప్యూటర్లు ఆ సర్వర్‌లోని ఫోల్డరును సాంబా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ (కోడ్ ఎవరైనా చూసి మార్పులు పంపగలిగేది) ద్వారా తెరుస్తాయి. ఒక పత్రికలో ముహూర్తం మారింది. డిజైనర్ దిద్ది పంపాడు. పాతదానికి ప్రెస్సులోని విండోస్ కంప్యూటర్‌లో టైప్ చేసి పెట్టిన పేరు ‘ఫైనల్’, మ్యాక్ నుంచి వచ్చిన దిద్దినదాని పేరూ ‘ఫైనల్’. ఒకే పేరు కదా, కొత్తది వచ్చి పాతదాని మీద కూర్చోవాలి. కూర్చోలేదు. ఫోల్డరులో రెండు ‘ఫైనల్’ ఫైళ్లు పక్కపక్కన, అక్షరం తేడా లేకుండా కనిపించాయి. ఆపరేటర్ మొదటిది తెరిచాడు. 600 పత్రికలు పాత ముహూర్తంతో అచ్చయ్యాయి.

ప్రెస్సు ఓనర్ ఫోన్ చేశాడు. “ఏందప్పా ఇది, ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఎట్లుంటాయి? నీ సర్వర్‌కి దయ్యం ఏమన్నా పట్టిందా?”

నాకు తెలిసిన వైద్యం ఒకటే, రీస్టార్ట్ చేశాను. దయ్యం పోలేదు. అప్పుడు మా మేనకోడలు సెలవులకు వచ్చి షాపులో కూర్చుంటోంది, మీలాంటి ఒక కాలేజీలోనే ఫైనల్ ఇయర్. “మామా, పేరు చూడొద్దు, పేరులో బైట్లు చూడు” అని రెండు పేర్లనూ విడగొట్టి చూపించింది. ఒకటి 15 బైట్లు, ఇంకొకటి 18.

తేడా అంతా ఐత్వంలో ఉంది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ గుర్తుకూ సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో ‘ై’కి ఒక సొంత సంఖ్య ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు ముక్కలుగా కూడా రాయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడే చెబుతుంది, తెర మీద కూడా ఒకేలా కనిపిస్తాయి. పాత మ్యాక్‌ల ఫైల్ సిస్టమ్, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, పేర్లను ఇలా ముక్కలు చేసి దాచుకుంటుంది. విండోస్‌లో టైప్ చేస్తే కలిసిన రూపం వస్తుంది. లినక్స్‌కు ఇదేమీ పట్టదు, బైట్లు వేరైతే దానికి అవి రెండు వేర్వేరు పేర్లు. సాంబా కూడా తనకు అందిన పేరును ఉన్నది ఉన్నట్టు దాస్తుంది. ‘ఫైనల్’, ‘ఫైల్’, ‘డిజైన్’, మన డీటీపీ వాళ్లు రోజుకు వందసార్లు కొట్టే మాటలన్నిటిలోనూ ఐత్వం ఉంది చూడండి! ఇంగ్లిషులో పేర్లు పెట్టుకున్నంత కాలం ఈ సంగతి ఎవరికీ తెలియలేదు.

ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. పైథాన్‌లో పన్నెండు లైన్లు రాసి, రాత్రిపూట వచ్చిన పేర్లన్నిటినీ కలిసిన రూపంలోకి మార్చే ఏర్పాటు చేసింది. రెండు రూపాలతోనూ ఫైళ్లు సృష్టించి ఎక్కడ తేడా వస్తుందో చూసే టెస్టు రాసింది. పనిలో పనిగా ఇంకో గొడవ కూడా తేల్చింది. లినక్స్‌లో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో గుణింతం గుర్తుకూ పొల్లుకూ కూడా విడిగా మూడేసి బైట్లు. ‘శ్రీ’ కంటికి ఒక్క అక్షరమే, లోపల మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని నాలుగు, మొత్తం 12 బైట్లు. అంటే ఫైల్ పేరుగా శ్రీకారం 21 సార్లు చుట్టవచ్చు, 22వది పట్టదు. విండోస్ తన డిస్కు మీద బైట్లను కాకుండా పదహారు బిట్ల యూనిట్లను లెక్కపెడుతుంది, అక్కడ శ్రీకి నాలుగే. అందుకే ‘చి.ల.సౌ.’తో మొదలుపెట్టి అమ్మమ్మ తాతయ్యల పేర్ల దాకా రాసిన ఫైల్ డెస్క్‌టాప్ మీద హాయిగా ఉంటుంది, సర్వర్‌లోకి మాత్రం ఎక్కదు. రెండేళ్లుగా నేను “పేరు చిన్నది చెయ్యండి” అని విసుక్కుంటూ వచ్చానే గాని ఎందుకో కనుక్కోలేదు.

ఇదంతా పద్నాలుగు పేజీల్లో రాసుకుని, ఇదే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చేస్తానని గైడ్‌ను అడిగింది. సాంబాలో వీఎఫ్‌ఎస్ మాడ్యూల్ అని ఒక పొర ఉంటుంది. ఫైల్ డిస్కుకు చేరేముందు ఆ పొరలో మనకు కావలసిన పని చేయించవచ్చు. తుడిచేసిన ఫైలును చెత్తబుట్టలో దాచే ‘రీసైకిల్’, ఎవరు ఏ ఫైల్ ముట్టుకున్నారో రాసిపెట్టే ‘ఫుల్ ఆడిట్’ అలాంటివే. పేరు లోపలికి వచ్చేటప్పుడే ఐత్వాన్ని సరిచేసే చిన్న మాడ్యూల్ ఒకటి రాసి, సాంబా వాళ్లకు చూపించి అభిప్రాయం అడగాలని ఆమె ఆలోచన.

గైడ్ అడిగిన ప్రశ్నలు మూడు. “బేస్ పేపర్ (ఆధారంగా తీసుకున్న పరిశోధన వ్యాసం) ఏదమ్మా? టైటిల్ ఏది? ఇంత చిన్నదానికి నలుగురు బ్యాచ్ ఎందుకు?”

ఆ గైడ్‌ను నేను తప్పు పట్టను. పైనుంచి వచ్చిన ఫార్మాట్ అలా ఉంది, ఆయన నింపాలి. చివరికి ఆ నలుగురూ తలా కొంత వేసుకుని తొమ్మిది వేలు పెట్టి తిరుపతిలో ఒక రెడీమేడ్ ప్రాజెక్టు కొన్నారు. ముఖం గుర్తుపట్టి అటెండెన్స్ వేసే సిస్టమ్. కోడ్, పీపీటీ, రిపోర్టు, బంగారు రంగు అక్షరాల బైండింగ్ అన్నీ కలిపే ఆ ధర. మార్కులు బాగా వచ్చాయి. ఆ ప్రాజెక్టు మా షాపు కంప్యూటర్‌లో ఒక్కసారి కూడా రన్ కాలేదు. మా మేనకోడలు దాని గురించి మాట్లాడదు, ఎవరైనా అడిగితే ఐత్వం కథ చెబుతుంది.

ఆమె చేసింది చిన్న పని అన్నారు కదా, నిజమే, చిన్నదే. కానీ సాంబా మొత్తం అలాంటి చిన్న పనులతోనే కట్టారు. 1991 చివర్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పీహెచ్‌డీ విద్యార్థి తన డాస్ కంప్యూటర్ నుంచి యూనిక్స్ మిషన్‌లోని ఫైళ్లు అందుకోవాలని మొదలుపెట్టాడు. ఆ రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే భాషకు పుస్తకం ఆయన దగ్గర లేదు. వైరు మీద వెళ్లే మాటలు వింటూ, తనూ ఒక మాట పంపి ఏం జవాబొస్తుందో చూస్తూ నేర్చుకున్నాడు. తరువాత ఆయన దీన్ని ఫ్రెంచి కఫేలో కూర్చుని ఫ్రెంచి నేర్చుకోవడంతో పోల్చాడు. చిత్తూరు వాళ్లకు కఫే అక్కర్లేదు. వేలూరు బస్సులో రెండు నెలలు తిరిగి తమిళం నేర్చుకున్నవాళ్లు మా వీధిలోనే పదిమంది ఉన్నారు.

పేరు గురించి ఒక మాట. శ్రీకాళహస్తి పక్కన ఉన్నవాళ్లం కాబట్టి మా కస్టమర్లలో కొందరు ఇది సాంబశివుడి పేరే అనుకుంటారు, నేనూ కాదనను. అసలు సంగతి ఏమిటంటే ఆ కంప్యూటర్లు మాట్లాడుకునే భాష పేరు ఎస్‌ఎంబీ. మొదట పెట్టిన పేరు మీద వేరే కంపెనీ అభ్యంతరం చెబితే, ఎస్, ఎం, బీ అక్షరాలు వరుసగా వచ్చే మాటలను డిక్షనరీ ఫైల్‌లో వెతికించి ఇది ఎంచుకున్నారు. ఆర్‌సింక్ కూడా ఈ ట్రిడ్జెల్ చేతిదే. కోడ్‌లో మార్పుల చరిత్ర దాచడానికి మీ పిల్లలంతా వాడే గిట్ పుట్టుకకు కూడా ఒక విధంగా ఆయనే కారణం. లినక్స్ కెర్నల్ వాళ్లు అదే పనికి వాడుతున్న బిట్‌కీపర్ ఎలా మాట్లాడుతుందో ఆయన వినబోతే, ఆ కంపెనీ ఉచిత లైసెన్స్ వెనక్కి తీసుకుంది. దాంతో 2005 ఏప్రిల్‌లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు సాంబాలోకి ఒక మార్పు ఎలా వెళ్తుందో చూడండి. నేను లోపలివాడిని కాను, బయట నుంచి చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను. ఒక తప్పు దొరికితే దాన్ని బగ్‌జిల్లా అనే వాళ్ల తప్పుల చిట్టాలో ఒక నంబరుతో నమోదు చేస్తారు. కోడ్‌లో నమోదయ్యే ఒక్కో మార్పును కమిట్ అంటారు. ఎన్నో సందర్భాల్లో మొదటి కమిట్‌లో దిద్దుబాటే ఉండదు, తప్పును పట్టి చూపే టెస్టు మాత్రం ఉంటుంది. ‘ఇది ఇప్పుడు ఫెయిల్ అవుతుందని మాకు తెలుసు’ అనే జాబితాలో ఆ టెస్టు పేరు చేరుస్తారు. తరువాతి కమిట్‌లో అసలు దిద్దుబాటు వస్తుంది, దానితోపాటే జాబితాలోంచి ఆ పేరు పోతుంది. తప్పు ఉందని ముందు రుజువు చేశాకే అది పోయిందని రుజువు చేస్తారన్నమాట. ఒక కమిట్‌లో ఒకే మార్పు ఉండాలి. మధ్యలో ఏ కమిట్ దగ్గర ఆపినా కోడ్ కంపైల్ కావాలి. లైను 80 అక్షరాలు దాటకూడదని, ట్యాబ్ అంటే ఎనిమిది ఖాళీలని కూడా నియమం ఉంది. కమిట్ కింద రాసినవాడి సంతకం ఉంటుంది, చూసినవాళ్ల పేర్లుంటాయి. బయటివాళ్లు పంపిన మార్పుకైతే సాంబా టీమ్‌లో ఇద్దరు ఒప్పుకోవాలి. ఆ తరువాత మొత్తం టెస్టులన్నీ నడిపే మిషన్‌లో పాసైతేనే అసలు కోడ్‌లో కలుస్తుంది. పాత వెర్షన్లకు కూడా అది కావాలంటే మళ్లీ విడిగా అడగాలి.

మీ కాలేజీలో మూడు రివ్యూలు పెడతారని తెలుసు. నిజం చెప్పండి, ఏ రివ్యూలోనైనా ఒక విద్యార్థి రాసిన ఒక్క లైను పట్టుకుని “ఇది ఇక్కడ ఎందుకుంది?” అని ఎవరైనా అడుగుతున్నారా?

చిన్న దిద్దుబాటు విలువ తెలియాలంటే 2017 మే చూడాలి. ఆ నెల ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వచ్చింది. అది దూరింది ఎస్‌ఎంబీ భాషకు విండోస్‌లో ఉన్న పాత రూపం ఎస్‌ఎంబీ1లోంచి, సాంబాలోంచి కాదు. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే దిద్దుబాటు ఇచ్చినా వేసుకోనివాళ్లు వేసుకోలేదు. మన చిత్తూరు జిల్లాతో సహా రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లకు కూడా అది తగిలింది. అదే నెల 24న సాంబాలో ఒక కన్నం బయటపడింది. 2010లో వచ్చిన 3.5.0 వెర్షన్ నుంచీ ఏడేళ్లుగా అది అక్కడే ఉంది. షేర్ చేసిన ఫోల్డరులో రాసే అనుమతి ఉన్నవాడు తన కోడ్ ఉన్న లైబ్రరీ ఫైలును అందులో పెట్టి, సర్వర్ చేతనే దాన్ని నడిపించవచ్చు. దానికి మందు ఏమిటో తెలుసా? బయట నుంచి వచ్చిన పైప్ పేరులో (సర్వర్‌లోని ఒక సేవను పిలిచే పేరులో) ఏటవాలు గీత (/) ఉంటే ఒప్పుకోవద్దు అనే ఒక చిన్న షరతు. నాలుగైదు లైన్లు. ఈ ప్యాచ్‌తో, అంటే దిద్దుబాటుతో, మీ దగ్గరికి వస్తే మీరు “మాడ్యూల్స్ ఎన్ని?” అంటారు.

ఇలా అంటున్నానని నేనేదో మొదటి నుంచీ ఇవన్నీ తెలిసినవాణ్ని అనుకోకండి. ఒకప్పుడు వేరే ప్రెస్సులో రాత్రి సర్వర్ అప్‌డేట్ చేసి ఇంటికి వెళ్లాను. తెల్లారేసరికి అక్కడి పాత విండోస్ ఎక్స్‌పీ మిషన్‌కు షేర్ కనిపించడం లేదు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ దాని మీదే ఉన్నాయి. బాగా ఉన్నదాన్ని ఎందుకు కెలుకుతారో ఈ మనుషులు అని తిట్టుకున్నాను, మా ఆవిడ వినకూడని మాటలు కూడా అన్నాను. తరువాత రిలీజ్ నోట్స్ తెరిస్తే, 4.11 వెర్షన్ నుంచి ఎస్‌ఎంబీ1ను మొదటే ఆపేసి ఇస్తున్నామని స్పష్టంగా రాసి ఉంది. వానాక్రై దూరిన భాష అదే. ఎక్స్‌పీకి ఇంకో భాష రాదు. కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు లైన్లు రాసి పాత భాషను మళ్లీ ఒప్పుకోమన్నాను, ఆ మిషన్‌కు ఇంటర్నెట్ వైరు పీకేశాను. అది సరైన పరిష్కారం కాదని తెలుసు. ప్రెస్సు ఓనర్‌కు కూడా తెలుసు. అను ఫాంట్లలో ఇరవై ఏళ్ల ఫైళ్లున్నాయి, ఏం చేస్తాం. ఆరోజు నుంచి మాత్రం అప్‌డేట్ చేసే ముందు నోట్స్ చదువుతున్నాను. ఈ అలవాటు డిప్లొమాలో ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు నా విన్నపం. కొత్త కోర్సు, ల్యాబు, నిధులు ఏవీ అడగడం లేదు. ఫైనల్ ఇయర్‌లో ఇష్టపడిన బ్యాచ్‌కు ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పును వెతికి, రుజువు చేసి, దిద్ది పంపడాన్ని ప్రాజెక్టుగా ఒప్పుకోండి. సాంబాయే కావాలని లేదు. రిపోర్టు ఇరవై పేజీలున్నా చాలు. తప్పు ఏమిటి, దాన్ని మళ్లీ ఎలా రప్పించారు, టెస్టు ఎలా రాశారు, చూసినవాళ్లు ఏమన్నారు, దానికి వీళ్లు ఏం మార్చారు, ఇవి ఉంటే సరిపోతుంది. వైవా పీపీటీ మీద కాకుండా మిషన్ ముందు పెట్టండి. ప్యాచ్ అవతలివాళ్లు తీసుకున్నారా లేదా అన్నదాని మీద మార్కులు పెట్టకండి. మంచి ప్యాచ్‌లు కూడా నెలల తరబడి వరుసలో ఆగుతాయి, పరీక్షలు ఆగవు కదా.

నలుగురికి పని సరిపోతుందా అని అడిగారు ఆ గైడ్. సరిపోతుంది, మిగులుతుంది కూడా. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీద ఒకే తప్పును రప్పించడానికే ఒకరికి నెల పడుతుంది. సీ భాష రాదనే పిల్లలుంటారు. సాంబాలో ఎన్నో టెస్టులు, సాంబా-టూల్ అనే దాని కమాండ్ పైథాన్‌లోనే ఉన్నాయి. కోడ్ జోలికే వెళ్లని పిల్లవాడు మాన్యువల్ పేజీలో తప్పుగా ఉన్న ఒక పేరాను సరిచేసినా, దానికీ అదే రివ్యూ ఉంటుంది.

నిబంధనల మాట కూడా వస్తుంది. అనుబంధ కాలేజీలకు అనంతపురం జేఎన్‌టీయూ చెప్పినట్టు నడవాలి, ఒప్పుకుంటాను. కానీ మన రెండు జిల్లాల్లో స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు తక్కువేమీ లేవు. వాళ్ల సిలబస్ కమిటీలో కూర్చునేది మీరే. ఐఐటీ తిరుపతి ఏర్పేడు దగ్గరే ఉంది, రివ్యూ చేయడానికి ఒక మనిషిని పంపమని అడిగితే పోయేదేమీ లేదు.

నాకున్న భయం వేరు. రేపు మీరు ఒప్పుకుని, ‘ప్రతి బ్యాచ్ ఒక ప్యాచ్ పంపాలి’ అని సర్క్యులర్ ఇచ్చారనుకోండి, అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ పోటీలో, మార్పులు పంపితే టీషర్టు ఇస్తారని, ఎవరెవరివో ప్రాజెక్టుల రీడ్‌మీ అనే పరిచయ ఫైళ్లలో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అనే మాట చేర్చి వేలకు వేలు రిక్వెస్టులు పంపారు. ఆ పంపినవాళ్లలో మన దేశపు పిల్లలు చాలామంది ఉన్నారు. జీతం లేకుండా పనిచేసేవాళ్లు ఆ చెత్త ఊడ్చుకుంటూ కూర్చున్నారు. చివరికి పోటీ మధ్యలోనే, ఒప్పుకున్న ప్రాజెక్టులకు మాత్రమే పంపాలని నియమం మార్చాల్సి వచ్చింది. కాబట్టి ఇది తప్పనిసరి చేయకండి. బయటికి పంపేముందు మీ శాఖలోనే ఇద్దరు చదివి సంతకం పెట్టాలని నియమం పెట్టండి. గైడ్‌కు అర్థం కాని ప్యాచ్ కాలేజీ గేటు దాటకూడదు. దీనికోసం గైడ్లు కూడా కొంత కోడ్ చదవాల్సి వస్తుంది. చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది, కానీ అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం.

మా మేనకోడలు ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం చేస్తోంది. ఆ మాడ్యూల్ సగంలో ఆగిపోయింది. ఆమె రాసిన పద్నాలుగు పేజీలు, పన్నెండు లైన్ల స్క్రిప్టు, టెస్టు అన్నీ నా దగ్గరున్నాయి, ఎవరికైనా ఇవ్వమంది. ప్రెస్సులో స్క్రిప్టు రోజూ రాత్రి నడుస్తూనే ఉంది. షాపులోని పాత సర్వర్‌లో మాత్రం ఆ ఫోల్డరును ఆనాడు ఉన్నది ఉన్నట్టు ఉంచాను, రెండు ‘ఫైనల్’ ఫైళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఆదివారం తప్ప ఏ రోజైనా మీ విద్యార్థులను పంపండి. ఏది పాత ముహూర్తమో తెరవకుండా చెప్పమని అడుగుతాను, కాఫీ నాది.

ఇట్లు,
కట్టమంచి దగ్గర కంప్యూటర్ షాపు నడిపే ఒక చిత్తూరు వాసి